శుభం ఫోల్డరు మీద ఎర్ర గీత

నా గురించి ఆఫీసులో ఏం పాకిందో నాకు మొదట చెప్పింది టెస్టింగ్ చూసే అక్క. సూళ్లూరుపేట స్టేషన్ రోడ్డులో మందుల షాపు పైన మా ఆఫీసు. ఆ పొద్దున నేనింకా మెట్లు ఎక్కలేదు. ఆమె కిందే నిలబడి నా కోసం చూస్తోంది. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

“మే, పైకి పోబాక. ముందు ఇది చూడు,” అని ఫోను నా చేతిలో పెట్టింది.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో ఉంది. కంప్యూటరు తెర ఫొటో. అందులో ఒక లైను, దాని వెనక లేత ఎరుపు, ముందు తీసివేత గుర్తు. ఆ లైను మధ్యలో ఇంగ్లీషు అక్షరాలతో ‘శుభం’ అని ఉంది. పక్కన నా పేరు. ఫొటో కింద మా టీం లీడరు రాసింది ఒక్క ముక్కే: ‘అందరూ చూడండి.’

“నువ్వు శుభాన్ని కొట్టేసినావంట. కావాలనే కొట్టేసినావంట. ఓనరు గారి దాకా పోయినాది.”

“అక్కా, అది ఫైలు అడ్రసు.”

“నాకు తెలవదా? నాకు చెప్పి ఏం లాభం మే. పైన ఉండేవాళ్లకి చెప్పు.”

పైన ఉన్నవాళ్లకు చెప్పాను. అప్పుడు వినలేదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేను ముస్లిం ఇంట్లో పుట్టాను. మా నాయన పరుపులు కుట్టేవాడు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, బడికి పంపలేదు. అక్షరాలు, నమాజు అమ్మ నేర్పింది. లెక్కలు నాయన నేర్పాడు. పరీక్షలన్నీ ఇంట్లో చదివే కట్టాను. కోట అనే ఊళ్లో ఒక రైతు ఇంటికి పరుపులు కుట్టిపెట్టి, దానికి బదులుగా వాళ్ల ఇంట్లో మూలపడిన కంప్యూటరు నాయన సైకిలు వెనక కట్టుకొచ్చాడు. దాని మీదే నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఆ రైతు మొహం నేను చూడలేదు. నమాజు తర్వాత చేతులెత్తినప్పుడు ఆయన కోసం కూడా అడుగుతాను. అల్లా నాకు ఇచ్చినవి తక్కువేమీ కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడి నుంచి నేను రాసేదాంట్లో కృతజ్ఞత పెద్దగా కనబడదు.

మా కంపెనీ రొయ్యల చెరువులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. చెరువులో ఒక పరికరం నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలుస్తూ ఉంటుంది. తగ్గితే నీళ్లు చిలికే యంత్రాలు వాటంతట అవే తిరగాలి, రైతు ఫోను మోగాలి. మోగకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. ఈ తీరంలో ఆ మాటకు అర్థం ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ అలారం సరిగ్గా మోగుతుందో లేదో చూసుకోవడానికి టెస్టులు రాస్తాం. ఒక చెరువులో వాయువు తగ్గినప్పటి కొలతలు ఒక ఫైలులో దాచి ఉంటాయి. టెస్టు ఆ ఫైలు తెరిచి, ఆ కొలతలు సాఫ్ట్‌వేర్‌కు పెట్టి, అలారం మోగిందా అని చూస్తుంది. అయితే ముందు ఆ ఫైలు ఎక్కడుందో దానికి తెలియాలి. అడ్రసు రాసే తీరు రెండు రకాలు. కంప్యూటరు మొదలు నుంచి పూర్తిగా రాయవచ్చు. లేదంటే ‘ఇప్పుడు నిలబడిన చోటు నుంచి ఇటు పో’ అని రాయవచ్చు. ఈ రెండో దాన్ని రెలెటివ్ పాత్ అంటారు. అది తేలిక. కానీ నిలబడిన చోటు మారితే దారి తప్పుతుంది.

మా ఆఫీసులో అందరూ ఒకేచోట నిలబడేవాళ్లు. దానికి కారణం ఉంది. ఆఫీసు తెరిచిన రోజు పంతులు గారు వచ్చి కంప్యూటర్లకు బొట్లు పెట్టి, మంచి ఘడియలో ఓనరు గారి చేత మొట్టమొదటి ఫోల్డరు చేయించారట. దాని పేరు శుభం. కాగితం పైన శ్రీ రాసి కింద లెక్క మొదలుపెట్టినట్టు, ఈ కంపెనీలో ఏ పనైనా శుభంలోనే ఉండాలని ఆ రోజే చెప్పారట. నేను చేరిన రోజు లీడరు గారు నాకు నేర్పిన మొదటి పాఠం కూడా అదే: శుభానికి బయట నిలబడు, అక్కడి నుంచి టెస్టులు నడుపు. అడ్రసులన్నీ ‘ఇక్కడి నుంచి శుభంలోకి, శుభంలోంచి కొలతల్లోకి’ అని ఉండేవి. నాకు అది తప్పనిపించలేదు. నేనూ బిస్మిల్లా అనకుండా కంప్యూటరు తెరవను. పనికి ముందు దేవుణ్ణి తలుచుకునే మనుషుల మధ్య పని దొరికిందని ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

తర్వాత పెద్ద పెద్ద చెరువులున్న ఒక కొత్త గిరాకీ వచ్చింది. టెస్టులు మీ మిషన్ల మీద కాదు, బయటి సర్వర్ మీద నడవాలి, అక్కడ పాసైతేనే కొంటామన్నారు. ఆ సర్వర్ ఎలా పనిచేస్తుందంటే, మనం ఏ మార్పు చేసినా కోడు మొత్తం కొత్తగా తెచ్చుకుని, ఖాళీ చోట పెట్టి, నడిచే ప్రోగ్రాముగా కట్టి, టెస్టులు నడిపి, పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు చూపిస్తుంది. మనిషి చెయ్యి పడదు. దాన్ని సిద్ధం చేసే పని నాకు ఇచ్చారు.

మొదటిసారే అలారం టెస్టులన్నీ ఎర్రబడ్డాయి. ఫైలు కనబడలేదు, ఫైలు కనబడలేదు, ఇదే వరస. ఎక్కడి నుంచి కనబడుతుంది? ఖాళీ చోట శుభం లేదు. కొలతల ఫైళ్లు కోడుతో పాటు పోలేదు, అవి మా మిషన్లలోనే శుభంలో కూర్చుని ఉన్నాయి.

మా నాయన జనం ఇళ్లకు పోయి వసారాల్లో కూర్చుని పరుపులు కుట్టేవాడు. టేపు ఎప్పుడూ గుడ్డ మూల మీదే పెట్టేవాడు. గోడకు ఆనించి కొలిస్తే, రేపు ఇంకో ఇంట్లో ఆ గోడ ఉండదు కదా అనేవాడు. నేను చేసిందీ అదే. కొలతల ఫైళ్లు తెచ్చి టెస్టు పక్కనే పెట్టాను. ‘నడిపేవాడు ఎక్కడ నిలబడినా సరే, టెస్టు ఎక్కడుందో అక్కడి నుంచి వెతుకు’ అని అడ్రసు మార్చాను. పాత లైను పోయి కొత్త లైను వచ్చింది. అంతే. మార్పు చేసినప్పుడు పోయిన లైను ఎర్రగా, వచ్చిన లైను పచ్చగా కనబడుతుంది. అది ప్రపంచంలో అందరి తెర మీదా అంతే.

లీడరు గారికి ఇది తెలియదా? బాగా తెలుసు. చెన్నైలో పెద్ద కంపెనీలో చేసి వచ్చిన మనిషి. ఆ పాత అడ్రసులు రాసింది కూడా ఆయనే. సర్వర్ మీద అవి విరిగిపోతాయని నాకంటే ముందే ఆయనకు తెలిసి ఉండాలి. ఆ ఎరుపు తన పేరు మీద పడకూడదు. అందుకని పచ్చ లైను కనబడకుండా, ఎర్ర లైను మాత్రం కనబడేట్టు ఫొటో తీశాడు. ఇది పొరపాటు అని నన్ను ఎవరూ ఒప్పించలేరు. ఫొటో తీసేటప్పుడు తెరను ఎక్కడ కోయాలో మనిషే నిర్ణయించుకుంటాడు.

ఆ పొద్దున నేను పైకి పోయేసరికి నా పాస్‌వర్డ్ పనిచేయలేదు.

“సార్, లాగిన్ కావట్లేదు,” అని లీడరు గారితో అన్నాను.

“ఓనరు గారు ఊర్లో లేరు. వచ్చి మాట్లాడేదాకా ఆపినాం.”

“ఏం తప్పు చేశానని సార్?”

ఆయన కుర్చీ తిప్పలేదు. “చూడమ్మా, పని వేరే, మనసులో ఉండేది వేరే. శుభం అనే మాట అంత గిట్టకపోతే ఇక్కడ ఎందుకు చేరినట్టు? నేనైతే ఏమీ అనుకోను. మిగిలినవాళ్లు అనుకుంటారు గదా.”

‘నేనైతే ఏమీ అనుకోను’ అన్న ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. దానికంటే నేరుగా తిట్టి ఉంటే బాగుండేది.

ఓనరు గారు వచ్చేదాకా రోజూ పోయి ఖాళీ తెర ముందు కూర్చున్నాను. ఇంట్లో కూర్చుంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్ద భయం, ఏ కారణంతో పోతుందన్నది. ఈ ఊరు చిన్నది. ‘దేవుడి పేరు కొట్టేసిన పిల్ల’ అన్న పేరు పడితే, నాకు ఇంకెవరూ పనివ్వరు. మా నాయనను పరుపుకు పిలిచే ఇళ్లు కూడా ఆలోచిస్తాయి. కులమేదో మతమేదో అడక్కుండా తన గుడ్డ మూటతో పడకగదుల దాకా పోయి వచ్చిన మనిషి ఆయన. ఆ నమ్మకం మీదే మా పొయ్యి వెలిగేది.

అన్నం వేళ నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. నిన్నటిదాకా మా ఇంటి సేమ్యా కావాలని గిన్నె లాక్కున్నవాళ్లే. లెక్కలు రాసే అబ్బాయి పక్కవాడితో, నాకు వినబడేట్టు, “రేప్పొద్దున గోడ మీద దేవుడి పటం కూడా తీసేయమంటారేమో రా, ముందే దాచిపెట్టు,” అన్నాడు. నవ్వారు. అక్క మాత్రం తన డబ్బా తెచ్చి నా ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

“చింతకాయ పచ్చడి ఏసుకో.”

“వద్దక్కా, నీకూ మాటొస్తుంది.”

“వస్తే రానీ. మాటకేం, కాళ్లు లేవా, యాడికైనా వస్తాది. ఏసుకో.”

ఈ అక్క గురించి చెప్పాలి. కోట దగ్గర వరి పండించే ఇల్లు వాళ్లది. ఓనరు గారికి దూరపు చుట్టం, ఆయనే పిలిచి పనిలో పెట్టుకున్నారు. వాళ్లన్న పొలంలో కొంత చెరువుగా తవ్వించి రొయ్య వేశాడు. ఆ చెరువు మీద ఉన్నది మా అలారమే. పొద్దున్నే దీపం పెట్టకుండా, కుంకుమ లేకుండా ఆమె ఇల్లు కదలదు. శుభం అనే మాట మీద ఆ ఆఫీసులో ఎవరికైనా నిజమైన భక్తి ఉందంటే అది ఆమెకే.

ఆ వారంలోనే శ్రీహరికోట నుంచి రాకెట్ వెళ్లింది. అందరూ మిద్దె మీదికి పరిగెత్తారు. కిటికీ అద్దాలు అదిరాయి, పైన చప్పట్లు వినిపించాయి. నేను పోలేదు, నన్నెవరూ పిలవలేదు. అక్క కూడా పోలేదు. తన తెర ముందు కూర్చుని, ఉన్నట్టుండి, “ఓరి నీ!” అంది.

“ఏందక్కా?”

“సర్వర్ పచ్చగా ఉండాది మే. లీడరు నువ్వు రాసింది తీసి పాతది పెట్టినాడు గదా, ఎట్టా పచ్చయినాది?” ఇంకాసేపు చూసింది. “అలారం టెస్టులు నడవట్లా. దాటెయ్యమని రాసి పెట్టినాడు. నడవకపోతే ఫెయిలయ్యేదేముండాది? ఈ పచ్చని చూపించి సాఫ్ట్‌వేర్ చెరువులకి పంపిస్తాడంట.”

ఆమె మొహం మళ్లీ ఆ మెట్ల దగ్గర చూసినట్టే అయింది.

ఓనరు గారు వచ్చిన రోజు అందరినీ పెద్ద గదిలోకి పిలిచారు. మేత వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. చెడ్డవాడని అనను. ముందుగా ఎవరు చెబితే వాళ్లదే నిజమనుకునే మనిషి. లీడరు గారు ఆ ఫొటోను గోడ మీద పెద్దదిగా వేసి చూపించాడు. గది నిండా ఎర్ర గీత, శుభం, నా పేరు.

“ఏమ్మా, ఇది నువ్వే చేసినావా?” అని ఓనరు గారు అడిగారు.

“చేశాను సార్. కానీ అది...”

“చేసినావు గదా. మా పంతులు గారు పెట్టించిన పేరమ్మా అది. నీకు ఇబ్బందైతే నన్ను అడగొచ్చు గదా.”

మనసులో ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుకుంటున్నాను. ఓనరు గారు అక్క వైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా. టెస్టింగ్ చూసేది నువ్వు గదా. ఈ పిల్ల తీసేసింది నిజమేనా?”

లీడరు గారు అప్పటికే తలూపుతున్నాడు. చుట్టం, తమ మనిషి, ఇంకేం చెబుతుందని.

అక్క లేచింది. “సార్, మీ ల్యాప్‌టాప్ ఒకసారి ఇస్తారా?”

“నాదెందుకు?”

“దాని మీద ఈ పిల్ల చెయ్యి పడలా. అందుకని.”

కొనేవాళ్లకు చూపించడానికి మా సాఫ్ట్‌వేర్ ఆయన ల్యాప్‌టాప్‌లోనూ ఉండేది, టెస్టులు నడపడానికి కావలసిన ప్రోగ్రాములు అందులో ఉన్నాయి. లీడరు గారు, “ఆ మిషన్ వద్దు, నాది తీసుకో,” అన్నాడు. అక్క వినలేదు. లీడరు గారు రాసిన పాత కోడును కొత్తగా దించింది. దాటేసిన టెస్టులను మళ్లీ నడవనిచ్చింది. గోడ మీద ఫొటో పోయి ఓనరు గారి తెర వచ్చింది. వరసగా ఎర్రబడింది.

“ఏందమ్మా ఇది?”

“ఫైలు కనబడలా అంటా ఉండాది సార్. శుభం కోసం ఎతికింది, లేదంట.”

“లేకపోవడమేంది?”

“మీ కంప్యూటర్లో శుభం లేదు సార్. ఎవురు కొట్టేసినారో మీరే చెప్పాల.”

వెనక ఎవరో నవ్వారు. నవ్వింది నన్ను పటం మాట అన్న ఆ లెక్కల అబ్బాయే. నోరు మూసుకునేలోపు నవ్వు బయటికి వచ్చేసింది. ఓనరు గారి మెడ ఎర్రబడింది. అందరి మిషన్లలోనూ ఉండాలన్న ఫోల్డరు, పెట్టమన్న మనిషి దగ్గరే లేదు. ఆయన దాన్ని ఆ మొదటి రోజు తర్వాత మళ్లీ తలుచుకోనేలేదు.

అక్క ఆగలేదు. నేను రాసిన కోడు దించి నడిపింది. అన్నీ పచ్చ. “సర్వర్ మీద గూడా ఇంతే సార్. ఖాళీ చోట శుభం ఉండదు. ఈ పిల్ల తీసింది పేరు గాదు, దారి. ఇంకొకటి. ఇప్పుడు సర్వర్లో ఉండే పచ్చ అబద్ధం. అలారం టెస్టులు నడవకుండా ఆపేసినారు.”

“టెంపరరీగా ఆపినాం అంతే,” అన్నాడు లీడరు గారు.

“చెరువులో రొయ్యకి టెంపరరీగా ఊపిరాగదు సార్. మా అన్న చెరువు మీద ఉండేదీ ఇదే.”

ఓనరు గారు ల్యాప్‌టాప్ మూసేశారు. “సరే. ఆ పిల్ల రాసిందే పెట్టండి. శుభం మాత్రం ఎవురూ తీయబాకండి,” అని లేచి వెళ్లిపోయారు. నా వైపు చూడలేదు. నా పాస్‌వర్డ్ మధ్యాహ్నానికి పనిచేసింది. లీడరు గారు గ్రూపులో, ‘సమస్య తీరింది, టీమ్‌కు అభినందనలు’ అని రాశాడు. పై ఫొటో మాత్రం తీయలేదు. ఇప్పటికీ పైకి జరుపుకుంటూ పోతే అక్కడే ఉంది.

నా ఉద్యోగం మిగిలింది. మా నాయనకు పరుపు పని మిగిలింది. అల్‌హమ్దులిల్లా. కానీ ఆ నవ్వుకు ఎవరో ఒకరు చెల్లించాలి కదా. నేను ఒప్పని తేలడాన్ని ఓనరు గారు ఓర్చుకోగలిగారు. పదిమందిలో తన తెర ఎర్రబడడాన్ని ఓర్చుకోలేకపోయారు. అక్కను ముందు చెరువుల దగ్గర పరికరాలు చూసుకోమని బయటికి పంపారు. ఎండలో, ఉప్పునీళ్లలో, గట్ల మీద. తర్వాత ఆ పని కూడా అవసరం లేదన్నారు. చుట్టరికం ఉంది కాబట్టి మర్యాదగా చెప్పారట. ఆఖరి రోజు ఆమెకు టీ కూడా ఇవ్వలేదు. నేను స్టేషన్ దాకా పోయాను.

“నీకు కోపం రాలేదా అక్కా?”

“రాకేం. ఓనరు గారి పెళ్లాం ఫోన్ చేస్తే ఎత్తలా, అంత కోపం.” నవ్వింది. “నువ్వు మాత్రం మానబాక మే. మానితే ఆ ఫొటోనే మిగిలిపోతాది.”

మానలేదు. లీడరు గారి పక్క గదిలోనే కూర్చుంటున్నాను. ఆయన నన్ను ‘అమ్మా’ అంటాడు, నేను ఆయన్ను ‘సార్’ అంటాను. క్షమించమని నా దీన్, నా మతం, చెబుతుంది. రోజూ ఐదు పూటలా ఆ మాట దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాను. ఇంకా నా వల్ల కాలేదు, అయిందని అబద్ధం చెప్పను.

సర్వర్ మీద ఇప్పుడు అలారం టెస్టులు అన్నీ నడుస్తాయి, అన్నీ పచ్చగా వస్తాయి. నా మార్పును తిరిగి పెట్టింది లీడరు గారు, తన పేరుతోనే పెట్టుకున్నాడు. కాబట్టి ఎర్ర గీత పక్కన నా పేరు, పచ్చ గీత పక్కన ఆయన పేరు ఉన్నాయి. అక్క పేరు ఎక్కడా లేదు. టెస్టు నడిపిన మనిషి పేరు ఎవరూ రాసిపెట్టరు.

నేనూ ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. ఆమెకు ఇంకో చోట పని దొరకాలి, అందుకని. కానీ మీరు మీ దేవుడి ముందు నిలబడినప్పుడు, దీపం పెట్టి అయినా, మోకరిల్లి అయినా, కోట దగ్గర తన అన్న చెరువు గట్టు మీద ఇవాళ నీళ్లు చూసుకుంటున్న ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి.